కొసరు క్లిప్పు

ఆ గురువారం పొద్దున చీఫ్ అనయో వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, సింహం తలలు అచ్చేసిన చొక్కా తొడుక్కోవాలి, ఫ్యాక్టరీకి వెళ్ళాలి, సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉండాలి. మొదటి మూడూ ఆయనకు కొట్టిన పిండి. నాలుగోది మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఎన్నడూ చేసి ఎరగడు.

నోరు మూసుకోమన్నది తమ్ముడి కూతురు ఎబెలే. ముందు రోజే ఒట్టు కూడా వేయించుకుంది.

"పెదనాన్నా, ఆడిటరమ్మ ఏం అడిగినా నేను చెప్తాను. మీరు నవ్వుతూ నిలబడండి, చాలు."

"శబ్దంతోనా, శబ్దం లేకుండానా?"

"లేకుండా."

చీఫ్ ముఖం వాడిపోయింది. ఆయన నవ్వితే రెండు వీధుల అవతల మేకలు తలెత్తి చూస్తాయి. ఆ నవ్వు లేకపోతే ఇక ఆయన దగ్గర మిగిలేది పొట్టా, ఎర్ర టోపీ, చీఫ్ బిరుదుకి గుర్తుగా టోపీలో గుచ్చుకున్న గద్ద ఈకా మాత్రమే.

న్నెవి ఊళ్ళో అనయో ప్లాస్టిక్స్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఊళ్ళో సగం మంది ఆయన బకెట్‌తోనే స్నానం చేస్తారు, మిగతా సగం మంది ఆయన స్టూలు మీద కూర్చుని వాళ్ళ గురించి చెప్పుకుంటారు. కానీ ఈ మధ్య ఒనిచా బజారులో బయటిదేశం బకెట్లు గుట్టలుగా దిగుతున్నాయి. అనయో బకెట్లు ఫ్యాక్టరీలోనే ఒకదాంట్లో ఒకటి దూరి నిద్రపోతున్నాయి. సగం మెషిన్ల మీద గుడ్డలు కప్పేశారు. సరిగ్గా అప్పుడు, లేగోస్‌లో సిరంజీల ఫ్యాక్టరీలో పనిచేసిన ఎబెలే ఇంటికి తిరిగొచ్చి, "పెదనాన్నా, బొడ్డు క్లిప్పులు చేద్దాం" అంది.

బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోసి నర్సు బిగించే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు అది. మనిషికి లోకంలో దక్కే మొదటి ఆస్తి. చీఫ్ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసి పెద్దగా నవ్వాడు.

"బకెట్లు చేసే చేతికి ఇదో లెక్కా! రేపు పొద్దున మొదలెట్టేద్దాం."

"రేపు కుదరదు. ముందు గాలిలో దుమ్ము లేని గది కట్టాలి. ప్లాస్టిక్ గింజలు కొత్తవే వాడాలి. మిగిలిన ముక్కల్ని గ్రైండర్లో వేసి మళ్ళీ కలపడం ఉండదు."

"పోనీ, మెషిన్ వేడి తగ్గినట్టు అనిపిస్తే బటన్ కాస్త తిప్పొచ్చా?"

"అనిపిస్తే తిప్పకూడదు. తిప్పితే ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో రాయాలి. ప్రతి క్లిప్పూ ఏ బస్తా గింజల్లోంచి వచ్చిందో, ఏ అచ్చులో పుట్టిందో, ఎవరి చేతి మీదుగా పెట్టెలోకి వెళ్ళిందో అడిగితే చెప్పగలగాలి."

"ఇన్నేళ్ళలో నా బకెట్ తండ్రి పేరు అడిగినవాడు లేడు తల్లీ! ఈ వేలెడు క్లిప్పుకి నాకంటే పెద్ద వంశవృక్షం కావాలా?"

కావాలంది ఎబెలే. చీఫ్ రెండు రోజులు అలిగి, మూడో రోజు తన బిరుదు విందుల కోసం కట్టించుకుంటున్న హాలు పని ఆపించి, ఆ ఇటుకలూ ఆ మేస్త్రీలనూ ఫ్యాక్టరీకి పంపాడు. హాలు పైకప్పు లేకుండా ఉండిపోయింది. దాని బదులు ఫ్యాక్టరీలో తెల్లటి క్లీన్ రూమ్ లేచింది. ఎడారి వైపు నుంచి వీచే హర్మాటన్ గాలికి ఊరంతా ఎర్రదుమ్ము కొట్టుకుపోతున్నా ఆ గది మాత్రం అద్దంలా ఉంటుంది.

ఇవాళ వస్తున్న ఆడిటర్, ప్రసూతి ఆస్పత్రుల సంఘం తరఫున వస్తోంది. ఆవిడ ఊఁ అంటే అన్ని ఆస్పత్రులకూ అనయో క్లిప్పులే. ఊహూఁ అంటే ఆ సంఘం మళ్ళీ ఇటువైపు చూడదు. క్లీన్ రూమ్ బకెట్ల గోదాం అవుతుంది, గుడ్డలు కప్పిన మెషిన్లు అమ్ముడుపోతాయి, ఎబెలే లేగోస్ బస్సెక్కుతుంది. అంత పెద్ద విషయం కాబట్టే చీఫ్ నోరు మూసుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున భార్య ఉగోయే పళ్ళెంలో అకారా వడలు పెట్టింది. చీఫ్ ఐదు అడిగితే ఆరు పడ్డాయి. అది మామూలే. న్క్వో బజారులో ఉగోయే కొట్టుకి పేరు తెచ్చింది భర్త బేసిన్లు కాదు, ఆమె వేసే కొసరు. బేసిన్ కొంటే మగ్గు, బకెట్ కొంటే సబ్బు పెట్టె, ఊరికే పలకరించి పోయినా పిల్లాడి చేతికి ఓ చెంచా. కొసరు వేయకుండా సరుకిచ్చే కొట్టును ఆమె కొట్టు అనదు, పోలీస్ స్టేషన్ అంటుంది.

"మీ ఆడిటరమ్మ మనసు కరిగే పని నేనూ ఒకటి చేశాన్లే," అంది ఉగోయే ముసిముసిగా నవ్వుతూ.

సూప్ వండుతుంది కాబోలనుకుని చీఫ్ ఆరో వడ నోట్లో వేసుకున్నాడు.

ఫ్యాక్టరీ స్టోర్‌లో మొదటి బ్యాచ్ పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో క్లిప్పు విడివిడిగా చిన్న కవర్లో సీలు చేసి, పెట్టెకి యాభై చొప్పున సర్దారు. పైన టేపు అంటించడమే మిగిలింది. ఎబెలే మనశ్శాంతి కోసం ఒక పెట్టె దించి లెక్కపెట్టింది. యాభై ఒకటి. నిద్ర చాల్లేదనుకుని మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ యాభై ఒకటే. పక్క పెట్టెలోనూ అంతే. ఆ పక్కదాంట్లో యాభై. మనశ్శాంతి అక్కడితో పోయింది.

"ఒలుచీ!"

ప్యాకింగ్ పెద్ద ఒలుచి పరుగెత్తుకొచ్చింది. విషయం విని రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"నా లెక్క తప్పడమా? ఈ ఊళ్ళో ఏ పెళ్ళయినా మాంసం ముక్కలు పంచేది నేనేనమ్మా! నా పంపకంలో గొడవైన పెళ్ళి ఒక్కటి చూపించు, నా పేరు మార్చుకుంటా!"

కేకలు విని చీఫ్ వచ్చాడు. "ఏంటి? తక్కువొచ్చాయా?"

"ఎక్కువొచ్చాయి."

"ఎక్కువా! హమ్మయ్య, దేవుడున్నాడు!" అని ఆయన రెండు అడుగులు డాన్స్ కూడా చేశాడు.

"పెదనాన్నా, ఎక్కువ రావడం ఇంకా ఘోరం. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని క్లిప్పు ఒకటి లోపలుంది. అది ఏదో తెలియదు. ఇక ఆ పెట్టెలో దేన్నీ నమ్మలేం."

"అన్నీ మనవాటిలాగే ఉన్నాయిగా?"

"పెళ్ళికి పిలవకుండా వచ్చినవాడు కూడా మన చుట్టంలాగే ఉంటాడు!"

ఒలుచి తలాడించింది. ఆ బాధ ఆమెకు బాగా తెలుసు.

ఎబెలే సొరుగులోంచి ఎర్ర చీటీల కట్ట తీసింది. 'ఆపండి' అని రాసిన చీటీలవి. ఒక్కో పెట్టెకీ ఒకటి కట్టి, టైమ్ వేసి, సంతకం పెట్టుకుంటూ పోయింది. చీఫ్ లబోదిబోమన్నాడు.

"ఆవిడ కారు ఒనిచా దాటిందట! ఇప్పుడా ఇది? పెళ్ళికూతురికి తట్టు పోసినట్టుంది! తల్లీ, నా మాట విను. ఇద్దరం కూర్చుని ఎక్కువున్నవి తీసేద్దాం. ఎవడు చూస్తాడు?"

ఎబెలే చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఆమెకూ వచ్చింది, అందుకే ఏడుపు కూడా వచ్చింది. ఎన్నో నెలల కష్టం. గంట పనితో అంతా సర్దేయొచ్చు.

"వద్దు," అంది ముక్కు తుడుచుకుని. "ఇది పుట్టిన బిడ్డ ఒంటి మీద పెట్టేది. చీటీలు ఇలాగే ఉండాలి, ఎవరూ తీయొద్దు. నేను మెషిన్ దగ్గరికెళ్ళి కారణం వెతుకుతాను." ఒలుచిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

స్టోర్‌లో చీఫ్ ఒక్కడే మిగిలాడు. ఆయన్ని ఒంటరిగా వదిలేయడం ఆ రోజు ఎబెలే చేసిన ఒకే ఒక్క పొరపాటు. చీటీలు తీయొద్దంది నిజమే. క్లిప్పులు తీయొద్దనలేదుగా? పాపం పిల్ల, ఒక్కతే ఎన్నని మోస్తుంది! చీఫ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. మొదటి పెట్టెలోంచి ఒక కవరు తీసి జేబులో వేసుకున్నాడు. రెండో దాంట్లోంచి ఒకటి. మూడో దాంట్లోంచి ఒకటి. కొన్నింట్లో ముందే యాభై సరిగ్గా ఉన్నాయన్న సంగతి ఆయన ఉత్సాహానికి అడ్డురాలేదు. ఏ పెట్టెకీ అన్యాయం జరగకూడదని అన్నింట్లోంచీ తలా ఒకటి తీశాడు. జేబులు నిండాక టోపీలో దోపుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర హారన్ మోగింది. ఎర్ర చీటీలు ఇంకా అలాగే కళ్ళెర్ర చేస్తున్నాయి. తీయడానికి లేదు, పిల్ల వద్దంది. ఒక్క ఉరుకున కారు దగ్గరికి పోయి, ఆదివారం చర్చి కోసం ఉగోయే ఉతికించి పెట్టుకున్న చేనేత అక్వెటే బట్ట పట్టుకొచ్చి పెట్టెల మీద పరిచాడు. దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ ఒకటి పెట్టాడు. దూరం జరిగి చూస్తే కళ్ళు చెమర్చాయి. పెళ్ళికూతురు ఇప్పుడు ముస్తాబైంది.

కారు దిగిన ఆడిటర్ మిసెస్ ఇబినాబో సన్నగా, పొడుగ్గా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా మంచినీళ్ళు కూడా తన సీసాలోవే తాగుతుందనీ, తలుపు పైఅంచును వేలితో తడిమి చూస్తుందనీ ఆవిడ గురించి పోర్ట్ హార్‌కోర్ట్ నుంచి లేగోస్ దాకా చెప్పుకుంటారు.

"స్వాగతం మేడమ్! ప్రయాణం బాగా జరిగిందా? దారిలో గుంతలు ఎక్కువా? పిల్లలెంతమంది?" చీఫ్ ఒట్టు గేటు దగ్గరే గాలికి పోయింది.

ఆఫీసులో కూర్చోగానే చీఫ్ కొయ్య పళ్ళెం ముందుకు లాగాడు. వచ్చిన మనిషికి తాంబూలంలా కోలా కాయ చూపించకుండా పని మాట ఎత్తే ఇల్లు న్నెవిలో లేదు. ఈ ఒక్కదానికీ ఎబెలే కూడా ఒప్పుకుంది. చీఫ్ హుందాగా జేబులో చెయ్యి పెట్టి, గుప్పిట నిండా తీసి, పళ్ళెంలో ఉంచాడు. మూడు కోలా కాయలు పడ్డాయి. వాటితో పాటు ఏడెనిమిది బొడ్డు క్లిప్పులు కూడా పడ్డాయి.

ఎబెలే కళ్ళు పెద్దవయ్యాయి. చీఫ్ పళ్ళెం అప్పటికే పైకెత్తాడు, ప్రార్థన అప్పటికే నోట్లో ఉంది. వెనక్కి మింగడానికి వీల్లేదు.

"దేవుడా! మాకు ఆయుష్షునివ్వు. మాకు పిల్లల్నివ్వు. ఆ పిల్లలకి... ఆ పిల్లలకి మంచి బొడ్లనివ్వు. ఆ బొడ్లకి..."

"పెదనాన్నా!"

"...తగినదేదో నువ్వే ఇవ్వు. ఆమెన్."

మిసెస్ ఇబినాబో ఒక కవరు తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి పెట్టెల్లో ఉండాల్సినవి కదా?"

"అవునండీ. కొన్ని... మీకు స్వాగతం చెప్పడానికి బయటికొచ్చాయి."

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. ఎబెలే నోరు తెరిచేలోపే, "ముందు క్లీన్ రూమ్ చూపించండి" అని లేచింది.

క్లీన్ రూమ్ గుమ్మంలో అందరూ గౌన్లూ మాస్కులూ వేసుకున్నారు. బిరుదున్న మనిషి నలుగురిలో ఎర్ర టోపీ తీయకూడదు, పైగా ఇవాళ ఆ టోపీలో సరుకుంది. అందుకని చీఫ్ వల టోపీని ఎర్ర టోపీ మీదుగానే లాక్కున్నాడు. వలలోంచి గద్ద ఈక నిక్కబొడుచుకుని బయటికొచ్చింది.

"ఆ ఈక ఏంటి?" అంది ఆడిటర్.

"అది నా బిరుదు, మేడమ్."

"బిరుదు దుమ్ము రాలుస్తుంది."

 ఆ ఈక కోసం చీఫ్ ఊరంతటికీ ఎద్దుమాంసం పెట్టాడు. ఆయన ఎబెలే మొహం చూశాడు. తెల్లగోడలకేసి చూశాడు. మెల్లగా ఈక లాగి గేటు కాపలా గాడ్విన్ చేతికిచ్చాడు. గాడ్విన్ దాన్ని రెండు చేతుల్తో, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు.

లోపల మాత్రం ఎబెలే చెలరేగిపోయింది. మెషిన్ నోరు తెరిచి మూసినప్పుడల్లా క్లిప్పులు గలగలా రాలుతున్నాయి. ఇది ఏ బస్తా? చెప్పింది. అచ్చు ఎప్పుడు శుభ్రం చేశారు? చెప్పింది. వేడి ఎంత దాకా మారితే మెషిన్ ఆపేస్తారు? ఆపి చూపించింది. చీఫ్‌కి ఛాతీ ఉబ్బిపోయింది. ఇంత తెలిసిన పిల్ల తన ఇంట్లో పుట్టిందా! మాస్కు ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే మేకలు తలెత్తేవి. ఆడిటర్ కూడా ఒకసారి తలూపింది. ఆవిడ తలూపడం చూసినవాళ్ళు తక్కువ.

"బాగుంది. ఇక తయారైన సరుకు చూద్దాం."

స్టోర్ మధ్యలో అక్వెటే బట్ట ధగధగలాడుతోంది. పైన పూలకుండీ. 

"ఏంటిది?" అంది మిసెస్ ఇబినాబో.

"ఆవిష్కరణ!" అన్నాడు చీఫ్, తనకే తెలియకుండా.

"అలాగా," అని ఆవిడ కుండీ పక్కన పెట్టి బట్ట లాగేసింది.

ఎర్ర చీటీలు బిలబిలమంటూ బయటపడ్డాయి.  ఎబెలే ఒక అడుగు ముందుకేసింది. 

"మేడమ్, పొద్దున చూస్తే కొన్ని పెట్టెల్లో యాభై బదులు యాభై ఒకటి ఉన్నాయి. ఆ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. అందుకే మొత్తం ఆపేశాను. మీకు ఆఫీసులోనే చెప్పాల్సింది."

"చూపించండి."

ఎబెలే తన చేత్తో లెక్కపెట్టిన మొదటి పెట్టెనే దించింది. ఒలుచి గట్టిగా లెక్కపెట్టింది. యాభై. ఎబెలే ఇంకోటి దించింది. యాభై. మరొకటి. నలభై తొమ్మిది.

"యాభై ఒకటన్నారు?" అంది ఆడిటర్.

"ఉన్నాయి మేడమ్! నా కళ్ళతో చూశాను!" అంది ఎబెలే.

"పెళ్ళిళ్ళలో మాంసం ముక్కలు..." అని ఒలుచి మొదలెట్టి, ఏడవడం మొదలుపెట్టింది.

చీఫ్ అది చూడలేకపోయాడు. బకెట్లు పోతే పోనీ, మెషిన్లు పోతే పోనీ, ఈ పిల్ల అబద్ధాలకోరులా నిలబడటమా! ముందు కుడి జేబు కుమ్మరించాడు. తర్వాత ఎడమ జేబు. చివరికి, ఈక సంగతి ముందే అయిపోయింది కాబట్టి, ఎర్ర టోపీ కూడా తీసి బోర్లించాడు. టేబుల్ మీద క్లిప్పులు కుప్పయ్యాయి.

"నేనే తీశాను మేడమ్! పిల్ల వద్దంది. చీటీ తీయొద్దంది కదా అని క్లిప్పులు తీశాను. దాని తప్పేం లేదు. నన్నేమన్నా అనండి!"

మిసెస్ ఇబినాబో ఆ కుప్పని చూసింది, తర్వాత చీఫ్ బట్టతలని చూసింది.

"పెట్టెల్లోంచి బయటికి ఎలా వచ్చాయో తెలిసింది. లోపలికి ఎలా వెళ్ళాయి? శాంపిళ్ళ బీరువా చూశారా?"

ఎబెలే తల కొట్టుకుంది. ట్రయల్ బ్యాచ్‌లతో సహా ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్ని క్లిప్పులు తీసి, రేపు ఎక్కడైనా ఫిర్యాదొస్తే పరీక్షించడానికి తాళం వేసి ఉంచుతారు. మెషిన్ చుట్టూ తిరిగింది గానీ బీరువా వైపు వెళ్ళనే లేదు. అందరూ నడవాలోకి పరుగెత్తారు. బీరువా తెరిస్తే ఒక్క క్లిప్పూ లేదు. అర మధ్యలో, ఖాళీగా వదలడం మంచిది కాదన్నట్టు, ఒక వేరుశనక్కాయల పొట్లం ఉంది.

పొట్లానికి వేసిన ముడి చూడగానే చీఫ్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ ముడి ఆయనకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు.

సరిగ్గా అప్పుడే నెత్తిన సూప్ గిన్నె, చంకలో దంచిన కందగడ్డ డబ్బాతో ఉగోయే లోపలికొచ్చింది. ఆడిటర్‌ని చూసి మొహం చేటంత చేసుకుంది.

"వచ్చారా మేడమ్! కొసరు అందిందా?"

ఎబెలే గోడకు చేరగిలబడిపోయింది. మిసెస్ ఇబినాబో పెన్ను తీసింది.

"పెట్టెల్లో ఎక్కువ క్లిప్పులు పెట్టింది మీరేనా?"

"నేనే! నిన్న వచ్చి పెట్టాను. అన్నింటికీ చాల్లేదు, అదే నా బాధ. ఉన్నంతలో వేశాను."

"ఎందుకు?"

"కొసరు మేడమ్."

"కొసరు ఎందుకు?"

"ఎందుకేంటి, అలవాటు."

"అలవాటు కారణం కాదు. దాని వెనక ఇంకోటి ఉంటుంది. ఎందుకు?"

"కొసరు వేస్తే కొన్నవాళ్ళు మళ్ళీ వస్తారు."

"ఆస్పత్రివాళ్ళు మళ్ళీ ఎందుకు రావాలి?"

"అదేంటి మేడమ్, మీ ఊళ్ళో పిల్లల్ని కనడం ఆపేశారా?"

ఒలుచి ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వి, దగ్గులా మార్చుకుంది. ఆడిటర్ పెన్ను కదలలేదు.

"బీరువా తాళం మీకెవరిచ్చారు?"

"గాడ్విన్."

"ఎందుకిచ్చారు?"

గాడ్విన్ చేతిలో ఇంకా ఈక ఉంది. "అమ్మగారు అడిగారు మేడమ్."

"పేరు రాయకుండా ఎవరూ లోపలికి రాకూడదు కదా. ఆమెను ఎందుకు ఆపలేదు?"

గాడ్విన్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ పైకప్పు వైపు చూశాడు.

"చీఫ్‌గారే ఆపలేరు కదా మేడమ్," అన్నాడు గాడ్విన్ దీనంగా.

"ఇదీ కారణం," అని మిసెస్ ఇబినాబో రాసుకుంది.

ఉగోయేకు కోపమొచ్చింది. "ఏం చేశానని ఈ గోల? నేను ఎత్తుకుపోయానా? ఎక్కువిచ్చాను!"

"పెద్దమ్మా," అంది ఎబెలే. "రేపు ఎక్కడో ఒక నర్సు చేతిలో క్లిప్పు వదులైందనుకో. బిడ్డకి నెత్తురు కారుతుంది. వాళ్ళు మనకి ఫోన్ చేస్తారు. అది ఏ బస్తాదో, ఏ రోజుదో చెప్తే మిగతావన్నీ వెంటనే ఆపొచ్చు. నువ్వు వేసిందానికి పేరూ ఊరూ లేవు. నేనేం చెప్పను? ఏది ఆపను?"

 ఉగోయే అయిదుగురిని కన్న తల్లి. గిన్నె కింద పెట్టి, బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"నాకెవరూ చెప్పలేదే," అంది చిన్నగా.

"నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది పెద్దమ్మా?"

మిసెస్ ఇబినాబో స్టోర్‌లోకి వెళ్ళి ఒక ఎర్ర చీటీ చదివింది. ఇంకోటి చదివింది. తర్వాత గేటు దగ్గర తన పేరు పక్కన రాసిన టైమ్ చూసొచ్చింది.

"ఈ బ్యాచ్ మొత్తం గ్రైండర్‌కి," అంది.

చీఫ్ మూలిగాడు.

"ఇవాళ మీరు పాస్ కాలేదు."

ఎబెలే తల వంచుకుంది.

"నేను వెళ్ళిన ప్రతిచోటా అద్దంలా ఉంటుంది. ప్రతి పెట్టెలో సరిగ్గా యాభై ఉంటాయి. అక్కడ ఏ తప్పూ జరగదట! ఆ మాట నమ్మలేక సంతకం పెట్టకుండా వెళ్ళిపోతుంటాను. ఈ చీటీలు నేను గేటు దాటకముందే కట్టారు. కట్టకుండా సర్దేసి ఉంటే నాకు తెలిసేది కాదు. కొత్త బ్యాచ్ చేయండి, వచ్చే నెల వస్తాను. నేను రెండోసారి వస్తానన్న ఫ్యాక్టరీ ఇంతవరకు లేదు."

అది శాపమో వరమో తేల్చుకోవడానికి చీఫ్‌కి కాస్త టైమ్ పట్టింది. తేలాక నవ్వాడు. బయట మేకలు తలెత్తాయి.

ఆవిడ పుస్తకం మూసి గిన్నె వైపు చూసింది. "ఆడిట్ అయిపోయింది. అది చేదాకులు వేసే ఒనుగ్బు సూపేనా?"

ఉగోయే లేచి వడ్డించింది. వడ్డిస్తూ వడ్డిస్తూ ఇంకో మాంసం ముక్క వేసి, ఉలిక్కిపడి, గబుక్కున వెనక్కి తీసేసుకుంది. వెళ్ళిపోతున్న ముక్క వైపు ఆడిటర్ కొంచెంసేపు చూసింది.

మరుసటి నెల మిసెస్ ఇబినాబో అన్నట్టే వచ్చింది. ఆ పొద్దున గేటు దగ్గర గాడ్విన్ ఉగోయేని ఆపాడు. ఆమె తిట్టిన తిట్లకి పక్క ఫ్యాక్టరీవాళ్ళు పనాపి విన్నారు. అయినా గాడ్విన్ గేటు తీయలేదు. చీఫ్ లోపలి నుంచి అది చూసి, తన జన్మలో సాధించలేనిది ఇంకొకడు సాధించాడని మురిసిపోయి అక్కడికక్కడే వాడిని కౌగిలించుకున్నాడు. ఈసారి ఈకని చీఫ్ తనే తీసి ఇంట్లో పెట్టొచ్చాడు. ఒలుచి పెట్టెలన్నీ ఆడిటర్ ముందే విప్పింది. అన్నింట్లో యాభై. ఆవిడ రెండుసార్లు తలూపింది, సంతకం పెట్టింది. ఎబెలే క్లీన్ రూమ్ బయటికొచ్చి, మాస్కు తీసి, చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. గుడ్డలు కప్పిన మెషిన్ల మీద గుడ్డలు ఆ మధ్యాహ్నమే తీసేశారు.

ఆ సాయంత్రం మిసెస్ ఇబినాబో డ్రైవర్‌తో కారు న్క్వో బజారు వైపు తిప్పమంది. వచ్చే వారం కూతురికి కాన్పు, మనవడికో మనవరాలికో స్నానాల తొట్టి కావాలి. ఉగోయే కొట్లో పసుపురంగు తొట్టి ఏరుకుంది. ఒక గీత చూపించింది, అంచు బాలేదంది, పక్క కొట్టు వైపు రెండుసార్లు నడిచి రెండుసార్లూ వెనక్కి వచ్చింది. చివరికి బేరం కుదిరి తొట్టి కారెక్కింది. ఆవిడ మాత్రం కారెక్కలేదు.

"మగ్గు?" అంది.

"ఏ మగ్గు?"

"కొసరు."

ఉగోయే రెండు చేతులూ కట్టుకుంది. "ఎందుకు?"

మిసెస్ ఇబినాబో అటూ ఇటూ చూసింది. తెలిసినవాళ్ళెవరూ లేరు.

"అలవాటు," అంది మెల్లగా.

"అలవాటు కారణం కాదు మేడమ్," అని ఉగోయే మగ్గు తీసి, దానికో ఎర్ర చీటీ కట్టి, కారణం తేలేదాకా పై అరలో పెట్టేసింది.